ఉడతల రింగు

ఎంట్రీ 1. నీళ్లు పన్నెండో మెట్టు దగ్గర.

ఈ ఆదివారం కూడా దూరాను. కుడి భుజం మీద తోలు లేచిపోయింది. అయినా దూరాను.

పొద్దున్నే అమ్మ నన్ను వంటపాక వెనక్కి తీసుకెళ్లి ఒంటి చుట్టూ పాత చీర ముక్క బిగించి కట్టింది. ముడి వేసేటప్పుడు మోకాలు నా వీపుకి ఆనించి లాగింది. తర్వాత వాడేసిన ఇంజిన్ ఆయిల్ భుజాలకీ తుంటికీ పట్టించింది. "ఊపిరంతా వదిలేసి దూరు. అవతలికెళ్లాక పీల్చుకోవచ్చు" అంది. నా మొహంలోకి చూడలేదు. నా చేతుల్నే చూసింది, ఎక్కడ ఎంత కండ పట్టిందోనని.

యార్డు గేటు దగ్గర పాత క్రేన్ గొలుసుకి ఒక ఇనప రింగు వేలాడుతుంటుంది. మేం బాగుచేస్తున్న పడవ అడుగున గదికీ గదికీ మధ్య బొక్కలుంటాయి. వాటిలో అన్నిటికంటే చిన్నదాని కొలతకి ఆ రింగు కోశారు. ప్రతి ఆదివారం గంజి తాగాక ఉడతలందరం ఒకరి తర్వాత ఒకరం అందులోంచి దూరాలి. ఉడతలంటే మేమే, పడవ అడుగున పాకే పిల్లలం. ఆ పేరు సరంగమ్మ పెట్టింది. పడవా, యార్డూ, మేమూ అన్నీ సరంగమ్మవే.

దూరితే పడవలో రెండు పడకలు. ఒకటి ఉడతకి, ఒకటి ఉడత మనిషికి. నా మనిషి అమ్మ. దూరకపోతే రెండూ పోతాయి. వరదకి పడవ తేలి వెళ్లిపోతుంది, మనం గట్టు మీద ఉండిపోతాం.

గట్టు వెనక కరెంటు కంచె ఉంది. కంచె వెనక మిట్టవాళ్లున్నారు. కింద నుంచి వచ్చినవాళ్లని వాళ్లు రానివ్వరు. పోయిన వరదకి గట్టు మీద ఉండిపోయినవాళ్ల గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడరు. వాళ్ల గిన్నెలు మాత్రం మా వంటపాకలో ఉన్నాయి. అమ్మ రోజూ వాటిలోనే వండుతుంది.

నాకు పద్నాలుగు నిండాయి. అందరికీ పన్నెండని చెప్పాం.

ఇది ఇంగ్లిష్‌లో రాస్తే ఎవరైనా చదివేస్తారు. ఊళ్లు మునగకముందు పిల్లలమంతా ఇంగ్లిష్ మీడియమే. తెలుగు అక్షరాలు నాకు అమ్మ బొగ్గుతో గోడ మీద నేర్పింది. యార్డులో ఇవి వచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో ముసలివాళ్లు, వాళ్ల కళ్లజోళ్లు ఎప్పుడో పగిలిపోయాయి. అందుకే తెలుగులో రాస్తున్నాను. నా పేరు కెజియా. ఒక్కసారే రాస్తున్నాను, మళ్లీ రాయను.

ఎంట్రీ 2. నీళ్లు పదకొండో మెట్టు దగ్గర.

రేవు మెట్లని పై నుంచి లెక్కపెడతాం. మొదటి మెట్టు పక్కనే పడవ నిలబడి ఉంది, ముక్కు నది వైపు. నీళ్లు మొదటి మెట్టు ఎక్కిన రోజు అది తేలుతుంది.

పడవ పేరు వైభవి. అందరూ పెళ్లి పడవ అంటారు. ఒకప్పుడు పెళ్లివాళ్లు దీన్ని అద్దెకి తీసుకుని నది మీద తిరిగేవాళ్లట. మగవాళ్లు ఏసీ డబ్బాలూ పాలరాయి పలకలూ పీకి కింద పడేస్తున్నారు, బరువు తగ్గాలని. స్నానాల తొట్లు ఉంచారు, వాటిలో మట్టి పోసి తోటకూర వేస్తారట. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే ఎర్ర మఖ్మల్ సోఫాని సరంగమ్మ దింపించుకుంది. యార్డు మధ్యలో వేయించుకుని అందులో కూర్చుని పని చూస్తుంది. ఇద్దరికి చేసిన సోఫా, ఒక్కతే నిండా కూర్చుంటుంది.

కొత్తవి కడదాం, చిన్న చిన్న చెక్క పడవలు, అందరికీ చోటు దొరుకుతుంది అని లోవరాజు మావయ్య మొదట్లో అన్నాడట. ఆయన వెల్డరు. సరంగమ్మ ఒప్పుకోలేదు. "కట్టేసరికి గెడ్డాలు నెరిసిపోతాయి. ఉన్నదాన్ని బాగుచేద్దాం" అందట. కొత్తది కట్టి ఉంటే బొక్కలు మనుషులు పట్టేలా పెట్టుకునేవాళ్లు. ఈ పాతదాని బొక్కలు పైపుల కోసం పెట్టినవి. అందుకే పిల్లలు కావాల్సి వచ్చింది.

పని ఎలాగంటే, నేను లోపల పాక్కుంటూ వెళ్లి సుత్తితో రేకు మీద ఒక దెబ్బ వేస్తాను. బయట మావయ్య చెవి ఆనించి వింటాడు. రేకు గంటలా మోగితే మంచిది. నేను చేత్తో నొక్కినప్పుడు రేకు ఊగితే వరసగా మూడు దెబ్బలు వేస్తాను. మూడు దెబ్బలంటే కొయ్యి అని. అవి పడితే మావయ్య ఎవర్నీ అడగక్కర్లేదు, సరంగమ్మ కూడా అడ్డం రాదు, అక్కడ రేకు కోసేసి కొత్త ముక్క అతుకుతాడు. మూడు దెబ్బలు లేకుండా పడవకి మంట పెట్టినవాడు గట్టుకే. మంచి రేకు మీద మూడు దెబ్బలు వేసిన ఉడత కూడా గట్టుకే.

"ఏమ్మా, బతికున్నావా?" అని మావయ్య రేకు అవతల నుంచి అరుస్తాడు.

"ఉన్నాను మావయ్యా."

"అయితే కొట్టు. నిద్దరోయావనుకున్నా. గురక ఇనపడతంది."

"అది మీ గ్రైండర్."

నా వాటా గదులన్నీ అయిపోయాయి, ముక్కు గది తప్ప. అన్నిటికంటే చిన్న బొక్క దానిదే. ఇవాళ ప్రయత్నించాను. తల వెళ్లింది, చేతులు వెళ్లాయి, మిగతాది వెళ్లలేదు. బయట రింగులో అయితే నిలబడి ఊపిరి వదలొచ్చు, అవతల నుంచి ఇద్దరు లాగుతారు. ఇక్కడ బోర్లా పడుకుని, చీకట్లో, ఎవరూ లేకుండా దూరాలి. వెనక్కి వచ్చేశాను.

"ముక్కు గదిలో వాననీళ్లు నిలిచాయి మావయ్యా. ఎండాక చేస్తాను."

"నీ ఇట్టం. ఎక్కడికి పోద్ది, ఇక్కడే ఉంటాది."

ఎంట్రీ 3. నీళ్లు తొమ్మిదో మెట్టు దగ్గర.

జశ్వంత్ దూరలేదు.

నా తర్వాత వాడి వంతు. భుజాల దగ్గర ఆగిపోయాడు. లాగేవాళ్లు లాగారు. వాడు నవ్వటానికి చూశాడు, మళ్లీ చేస్తానన్నాడు, ఇంకొంచెం ఆయిల్ రాయమన్నాడు. సరంగమ్మ సోఫాలోంచి లేచి వచ్చి వాడి తల నిమిరింది.

"పర్లేదు నాన్నా. ఎదిగావు. ఎదగటం తప్పా ఏంటి?" అంది. కొంగుముడి విప్పి బెల్లం ముక్క తీసి వాడి చేతిలో పెట్టింది.

దూరని ఉడతకి బెల్లం ఇస్తారు. అది ఇక్కడి పద్ధతి. అందరి ముందూ తినాలి. తినకపోతే సరంగమ్మకి కోపం వస్తుంది.

వాడు తిన్నాడు. వాళ్లమ్మ పక్కన నిలబడి చూసింది. పడకల మీద వాళ్ల పేర్లు చెరిపేయటానికి అప్పటికే ఒకడు రంగు డబ్బాతో నిచ్చెన ఎక్కుతున్నాడు. వాళ్ల బొంతా బిందే గంజి అరగకముందే గట్టు మీదికి వెళ్లిపోయాయి. నేను జశ్వంత్ కోసం బాధపడుతున్నాననుకున్నాను. నిజానికి వాడి నోట్లో బెల్లం చూస్తున్నాను.

లోవరాజు మావయ్య కూతురు వరహాలు గుంపులో ముందు నిలబడి చూసింది. పదకొండేళ్లుంటాయి. పోయిన ఏడు రింగు దగ్గర తనకీ బెల్లమే ఇచ్చారు. వేలెడు మందం తేడాలో ఆగిపోయింది. వెల్డరు కాబట్టి మావయ్యకి ఒక పడక ఉంది. వరహాలూ వాళ్లమ్మా గట్టు మీదే. అయినా రోజూ కిందికొస్తుంది, నాన్న పక్కన కూర్చుని పడవ మీద రాయితో కొడుతుంది.

"ఒరే జశ్వంతూ, మా పాక పక్కన చోటుంది, రా" అంది. "రాత్రిళ్లు మా అమ్మ గురక పెడద్ది. అదొక్కటే ఇబ్బంది."

వాడు ఏడవటం మొదలుపెట్టాడు. వరహాలు వాళ్ల బిందె అందుకుని నెత్తి మీద పెట్టుకుంది.

ఎంట్రీ 4. నీళ్లు ఏడో మెట్టు దగ్గర.

రింగుకి గ్రీజు పూయటం ఉడతల పని, వంతులవారీగా. జశ్వంత్ వంతు కూడా నేనే తీసుకున్నాను. మంచి పిల్లవి అన్నారు.

మధ్యాహ్నం యార్డులో గ్రైండర్లన్నీ ఒకేసారి తిరుగుతాయి. ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అమ్మ కత్తిపీట నూరుకునే ఆకురాయిని లంగా నడుములో దోపుకుని వెళ్లాను.

ఒక చేత్తో గ్రీజు పూస్తున్నట్టు నటిస్తూ ఇంకో చేత్తో రింగు లోపలి అంచు అరగదీశాను. ఇనప రజను గ్రీజులో కలిసి నల్లగా అయిపోయింది. తళతళలాడే చోట బురద పులిమాను. ఇలా చెయ్యటం ఇది మూడోసారి. చేతులు బొబ్బలెక్కాయి. కంటికి ఏమీ తెలీదు. వేలితో తడిమితే నాకు తెలుస్తుంది, ఎందుకంటే నాకు ముందే తెలుసు కాబట్టి.

స్కూల్లో సైన్స్ మేడమ్ అనేవారు, ఏదైనా కొలిచేముందు ఇన్‌స్ట్రుమెంట్‌లో ఎర్రర్ ఉందేమో చూసుకోండని. ఇక్కడ ఎవరూ చూసుకోరు. రింగు ఇనుము, పిల్లలు మాంసం. తేడా వస్తే పిల్లల్లోనే ఉంటుందని వాళ్ల నమ్మకం.

రాత్రి అమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఆకురాయిని తడిమింది. "దీని పళ్లు అరిగిపోయాయేంటే?" అంది. నేను బొబ్బలెక్కిన చేతులు లంగాలో దాచుకున్నాను. అమ్మ దాన్ని మళ్లీ చూరులో పెట్టేసింది. నా కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

ఎంట్రీ 5. నీళ్లు ఆరో మెట్టు దగ్గర.

దూరాను. తోలు లేవలేదు.

"చూశారా, నా ఉడతకి బుద్ధొచ్చింది. గంజి తగ్గించింది" అంది సరంగమ్మ. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ కూడా కొట్టింది.

అక్కడితో అయిపోవాల్సింది.

"అండీ, నేనూ ఓపాలి దూరనా?" అని వరహాలు ముందుకొచ్చింది. "ఈ ఏడు చిక్కానండి. కావాలంటే మా నాన్నని అడగండి."

జనం నవ్వారు. లోవరాజు మావయ్య తల దించుకుని, "ఒద్దులెండి, దానికి ఆటలెక్కువ" అన్నాడు. సరంగమ్మకి ఎందుకో సరదా పుట్టింది. "రానీ. మళ్లీ బెల్లం తినాలని ఉందేమో" అంది.

వరహాలు చేతులు పైకెత్తి, కళ్లు మూసుకుని దూరింది. భుజాల దగ్గర ఆగింది, మెలి తిరిగింది, జారింది. అవతల బురదలో పడింది. వెంటనే లేవలేదు, ఏ పక్కన ఉందో తెలియనట్టు.

మావయ్య ఉన్నచోటే కూలబడి మొహం తువ్వాలుతో కప్పుకున్నాడు. వాళ్లావిడ గట్టు మీద నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"రింగు అబద్ధం చెప్పదు. పిల్ల సన్నబడింది" అంది సరంగమ్మ. "జశ్వంతు పడకలు దీనికి రాయండి."

వరహాలు బురదతోనే వచ్చి నన్ను కౌగిలించుకుంది. "అక్కా, ఇంక నేనూ ఉడతనే. నాకు అన్నీ నేర్పాలి."

ఎంట్రీ 6. నీళ్లు నాలుగో మెట్టు దగ్గర.

ఇది రాయకూడదనుకున్నాను.

సరంగమ్మ నన్ను సోఫా దగ్గరికి పిలిచింది. "ముక్కు గది ఒక్కటే మిగిలిందంట కదమ్మా. నీళ్లు రెండో మెట్టుకొత్తే ముక్కు తడుత్తాది. ఎప్పుడు చేత్తావు?"

వరహాలు నా పక్కనే ఉంది, నా చెయ్యి పట్టుకుని ఊపుతూ.

"వరహాలు చేస్తానంటోందండి" అన్నాను. "పని నేర్చుకుంటుంది. నేను వెనకాలే ఉంటానండి."

తను అలా అనలేదు. అయినా ఎగిరి గంతేసింది. "చేత్తానండి. నేనే చేత్తానండి."

సరంగమ్మ నన్ను కాసేపు చూసింది. "నీకేమైనా భయమా?"

"కాదండి."

వరహాలు ముందు పాకింది, నేను లైటు పట్టుకుని వెనక. దారి పొడవునా మాట్లాడుతూనే ఉంది. స్నానాల తొట్టిలో కూర్చుంటే ఎలా ఉంటుంది, మొక్కలేసేముందు ఒక్కసారి కూర్చోనిస్తారా, వాళ్లమ్మకి కిటికీ పక్క పడక అడగొచ్చా.

"అడుగు" అన్నాను.

"సరంగమ్మ తిడద్దేమో."

"తిట్టదు."

ముక్కు గది బొక్క దగ్గర ఆగి వేళ్లతో తడిమింది. "ఇదేనా? ఓస్, రింగంతేగా."

సుత్తి పట్టుకున్న చెయ్యి ముందు పెట్టింది. రెండో చెయ్యి, తల, భుజాలు. ఆగిపోయింది.

"అక్కా, కొంచెం తొయ్యి."

తోశాను. తన పాదాలు నా భుజానికి ఆనించుకుని గట్టిగా తోశాను. ఒక్కసారి అవతలికి వెళ్లిపోతే ఎవరికీ ఏమీ తెలీదు అనుకుంటూ తోశాను. ఏదో చిటుక్కుమంది. వరహాలు అరవలేదు, పిల్లి పిల్లలా ఒక చిన్న శబ్దం చేసింది. అవతల సుత్తి జారి కిందపడిన చప్పుడు వినిపించింది.

ముందుకి వెళ్లదు. కాళ్లు పట్టుకుని లాగితే వెనక్కి రాదు.

ఎంట్రీ 7. నీళ్లు మూడో మెట్టు దగ్గర.

నిన్న సాయంత్రం నుంచి అక్కడే ఉంది.

యార్డులో అందరూ సోఫా చుట్టూ చేరారు. లోవరాజు మావయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఒక్క రేకు కోత్తాను సరంగమ్మా. దాని ఎనకాల గదికి పక్క నుంచి కన్నం పెడితే రంపం దూర్చి బొక్క అంచు కోసి తీసెయ్యొచ్చు. పెద్దాడి చెయ్యి పట్టేంత కన్నం చాలు."

"గ్యాసు సిలిండరు ఎన్నున్నాయి లోవరాజూ?"

"ఒకటి."

"అది దేనికి?"

అది చుక్కాని బిగించటానికని అందరికీ తెలుసు.

"చుక్కాని లేకుండా నూట నలభై మంది ఎలా ఎల్తారో నువ్వే చెప్పు. చెప్పు, కోసేద్దాం."

"పిల్లండి."

"నాకు మాత్రం పిల్ల కాదా? నా ఉడత." సరంగమ్మ గొంతు చాలా మెత్తగా ఉంది. "రింగు దాటిన పిల్ల బొక్క దాటకుండా ఎలా ఉంటాది? రెండూ ఒకటే కొలత. భయానికి బిగుసుకుపోయింది. ఒక పూట కడుపు మాడితే తనే జారుద్ది. ఎవరూ నీళ్లు కూడా ఇవ్వకండి, ఉబ్బుద్ది."

జనం తలూపారు. రింగు దాటింది కదా, దాటుద్ది అని ఒకరికొకరు చెప్పుకున్నారు. మావయ్య వాళ్లావిడ కూడా తలూపింది, నమ్మాలని.

రింగు తప్పు. రెండు మాటలు. నోట్లోనే ఉన్నాయి. అవి బయటికొస్తే వరహాలు ఆ బొక్కలో పట్టదని వాళ్లకి తెలిసిపోతుంది, కోస్తారు. మాకు బెల్లం ఇస్తారు.

అమ్మ వెనక నుంచి నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగేలా పట్టుకుంది. అప్పుడు అర్థమైంది, అమ్మకి ఆకురాయి సంగతి మొదటి నుంచీ తెలుసని.

నేను నోరు తెరవలేదు. అమ్మ వల్ల కాదు. అమ్మ వదిలేసినా తెరిచేదాన్ని కాదు.

ఎంట్రీ 8. నీళ్లు రెండో మెట్టు దగ్గర.

పొద్దున్నే ఆయిల్ డబ్బా ఇచ్చి నన్ను లోపలికి పంపారు. చుట్టూ ఆయిల్ పోసి మళ్లీ తోయమన్నారు.

వరహాలు కాళ్లు చల్లగా ఉన్నాయి. తాకగానే వేళ్లు కదిలించింది.

"ఎవరు? అక్కా?"

"ఊఁ."

"బడి పిల్లల్ని రాత్రంతా మోకాళ్ల మీద కూర్చోబెడతారంట కదా ఇంగ్లీషు మీడియంలో. మా అమ్మ చెప్పింది. ఇలాగే ఉండేదా?"

"ఇంత కాదు."

ఆయిల్ పోశాను. తోయలేదు. తోస్తున్నట్టు చప్పుడు చేశాను.

బయట నుంచి రేకు మీద గోరుతో గీసినట్టు వినిపించింది. తర్వాత మావయ్య గొంతు, చాలా దగ్గరగా, పెదాలు ఇనుముకి ఆనించి మాట్లాడుతున్నట్టు.

"ఏమ్మా. రేకు ఎలాగుందే?"

నాకు ముందు అర్థం కాలేదు. "ఏ రేకు మావయ్యా?"

"నీ పక్కనున్నదే. ముసలి పడవ కదా. ఎక్కడైనా ఊగుతందేమో చూడు తల్లీ."

చెయ్యి పెట్టి నొక్కాను. రాయిలా ఉంది.

"ఊగట్లేదు."

ఆయన గోరుతో రేకుని మళ్లీ గీశాడు. తర్వాత మళ్లీ, "బాగా చూడు. నువ్వు చెప్తేనే కదా నాకు తెలిసేది" అన్నాడు. అప్పుడు అర్థమైంది ఆయన ఏం అడుగుతున్నాడో. ఆ మూడు దెబ్బలు లేకుండా ఆయన కొయ్యలేడు. కోస్తే పని చెడగొట్టాడని ఆయన్ని లాగేస్తారు, సిలిండరు లాగేస్తారు. నేను వేస్తే ఎవరూ ఆపరు. తర్వాత కోసిన ముక్క చూస్తారు, మంచి రేకని తెలుస్తుంది, గట్టు నాకు. ఆయనకి ఆ సంగతి తెలుసు. తెలిసే అడుగుతున్నాడు.

"మా నాన్నేనా అది?" అంది వరహాలు. "ఏమంటన్నాడు?"

"రేకు ఎలా ఉందని అడుగుతున్నారు."

"ఈ గదిలో రేకు బాలేదని చెప్పక్కా. నీళ్లూరుతన్నాయి. నా మోచేతుల దాకా వచ్చాయి." కాళ్లు కొంచెం కదిపింది. "తల ఎత్తి పట్టుకుంటే పర్లేదు."

నాకు అమ్మ గుర్తొచ్చింది. కిటికీ పక్కన పడక గుర్తొచ్చింది. కంచె గుర్తొచ్చింది. నడుములో దోపుకున్న నా సుత్తి తీశాను. నేను ధైర్యంగా ఏమీ చెయ్యలేదు. ఏడుస్తూ, ఒంటేలు పోసుకుంటూ చేశాను.

ఒకటి. రెండు. మూడు.

రేకు ప్రతిసారీ గంటలా మోగింది. యార్డంతా వినపడి ఉంటుంది. తర్వాత గ్యాసు అంటుకున్న చప్పుడు.

"కాళ్లు ముడుచుకో తల్లీ, ఇటు రాకు" అన్నాడు మావయ్య.

ఎంట్రీ 9. నీళ్లు మొదటి మెట్టు దగ్గర.

వరహాలుని బతికుండగానే తీశారు. మెడ కింద ఎముక విరిగింది. కుడి చెయ్యి చీర ముక్కతో మెడకి కట్టారు. అది నా చీర ముక్కే, అమ్మ నాకు బిగించేది.

కోసిన రేకు ముక్కని సరంగమ్మ సోఫా దగ్గరికి తెప్పించుకుంది. సుత్తితో ఒక్కసారి కొట్టింది. చాలాసేపు మోగింది.

"ఎంత మంచి రేకమ్మా" అంది.

ముక్కు గదిలో నీళ్లు ఊరుతున్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. చూసి సిమెంటు వేశారు. లేకపోతే నది మధ్యలో తెలిసేది. దాని గురించి ఎవరో గొణిగారు, ఈ పిల్ల వల్లేగా తెలిసింది అని. సరంగమ్మ వినిపించుకుంది, తలూపింది. "నిజమే. పడవ బతికింది" అంది. కొంగుముడి విప్పింది.

రెండు బెల్లం ముక్కలు. ఒకటి నాకు. ఒకటి వరహాలుకి, కోసి తియ్యాల్సి వచ్చిన ఉడత ఉడత కాదు కనక.

"నాకెందుకండి? నేను రింగు దాటానుగా" అంది వరహాలు.

"తిను నాన్నా" అంది సరంగమ్మ.

తిన్నాం. చాలా బాగుంది. అందుకు నాకు సిగ్గుగా ఉంది.

అమ్మ నాతో ఒక్క మాటే మాట్లాడింది. బొంత చుట్టుకుంటూ, "మూడు దెబ్బలు నేను కూడా విన్నాను. రెండో దానికి ఆగిపోతావనుకున్నాను" అంది.

లోవరాజు మావయ్య రాత్రంతా కోసిన ముక్కని తిరిగి అతికాడు. గ్యాసు అయిపోయింది కనక చుక్కానిని బోల్టులతో బిగించాడు. నది మధ్యలో అది ఊడితే మళ్లీ బిగించటానికి ఆయనే ఉండాలి, వెళ్లక తప్పదు. పొద్దున్న వాళ్లావిడ చేతిలో తన తువ్వాలు పెట్టాడు. వరహాలు తల మీద చెయ్యి వేశాడు. నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"గంటలాగా మోగిందే" అన్నాడు.

"తెలుసు మావయ్యా."

ఆయన ఎక్కాడు. ఆయన పడక ఆయనది. మేం నలుగురం చూస్తూ నిలబడ్డాం. మధ్యాహ్నానికి పడవ తేలింది. సోఫాని తాళ్లతో పైకి లాగారు. పడవ కొంచెం ఎడమకి లాగేస్తూ కొండ మలుపు తిరిగింది. తిరిగేదాకా వరహాలు ఎడమ చెయ్యి ఊపుతూనే ఉంది.

ఎంట్రీ 10. మెట్లు కనపడట్లేదు.

నీళ్లు క్రేన్ అడుగుకి వచ్చాయి. మేం గట్టు మీద ఉన్నాం. జశ్వంత్ వాళ్లూ, మేమూ, వరహాలూ వాళ్లమ్మా, ఇంకో ముప్పై మంది. అమ్మ గిన్నెలు తెచ్చుకుంది. అవి ఎవరివో వాళ్ల చోటికే తిరిగొచ్చాయి.

రింగు గొలుసుకి వేలాడుతూనే ఉంది. వాళ్లకి ఇంక అక్కర్లేదు, పడవ బాగైపోయింది.

వరహాలు మోకాళ్ల లోతు నీళ్లలో నడుచుకుంటూ దాని దగ్గరికెళ్లింది. నేను వెనకాలే వెళ్లాను. కట్టు కట్టిన చెయ్యి కడుపుకి అదుముకుని, తల పెట్టి, మెల్లగా మెలి తిరిగి అవతలికి జారింది. మొహం నొప్పికి తెల్లబడింది. ఇటు తిరిగి నవ్వింది.

"చూడక్కా. ఇప్పుడు కూడా దూరాను. ఆ బొక్కదే తప్పు."

"బొక్కది కాదు" అన్నాను. "రింగుది. నేను అరగదీశాను. ఆకురాయితో."

వరహాలు రింగు లోపలి అంచు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది. గ్రీజు వేలికి అంటింది. దాన్ని లంగాకి తుడుచుకుంది.

"నా కోసమా?"

అవును అనొచ్చు. ఇక్కడ కాదని చెప్పేవాళ్లెవరూ లేరు.

"కాదు" అన్నాను. "నా కోసం."

తను చాలాసేపు నీళ్లకేసి చూసింది. కొండ మలుపు వైపు కూడా చూసింది. గట్టు మీద వాళ్లమ్మ తడిసిన పుల్లలు ఊదుతూ దగ్గుతోంది. లావుపాటి మనిషి.

"ఆకురాయి నీ దగ్గరే ఉందా?"

"ఉంది."

"అయితే ఇంకొంచెం అరగదియ్యక్కా" అంది వరహాలు. "మా అమ్మ కూడా దూరుద్ది."